మూసి చూపించాల్సిన కత్తి

కానీ బరువుగా ఉంటేనే కదా ఒంటి మీద కత్తి ఉందని తెలిసేది. తేలికైనదైతే జేబులో ఉందో జారిపోయిందో అని మాటిమాటికీ తడుముకోవాలి. తడుముకుంటున్న చెయ్యి తాడు మీద ఉండదు. తాడు మీద చెయ్యి లేని మనిషి పైన అటకలో మనిషి కింద లెక్క కాదు, అక్కడ వేలాడదీసిన మరో సామాను. కాబట్టి బరువైనదే కావాలి. పెద్దదే కావాలి. పిడి నాలుగు వేళ్ళకీ నిండుగా అందాలి. ఆ నాలుగింట్లో రెండు పూర్తిగా ముడుచుకోకపోయినా అందాలి.

ఇలా అనుకుంటూ ఆమె గాజు బల్ల మీదకి వంగింది. అద్దం కింద మడత కత్తులు వరసగా ఉన్నాయి. చూస్తున్నది వాటినే. కనిపిస్తున్నది మాత్రం అద్దం మీద ఆనించిన తన కుడిచెయ్యి. చూపుడు వేలికీ నడిమి వేలికీ లోపలివైపు అడ్డంగా ఒక మచ్చ. వేళ్ళు రెండూ దగ్గర పెడితే ఒకటే గీత, విడదీస్తే రెండు. వంగినంత మేరకి పిడికిలి బిగిస్తే కనపడదు. అందుకే ఈ మధ్య నలుగురిలో ఉన్నప్పుడు పిడికిలి బిగించుకునే ఉంటోంది. ఎవరితోనో పోట్లాటకి వచ్చినదానిలా ఉన్నావని వదిన వెక్కిరిస్తుంది.

"కూరగాయలకా అమ్మా?" అన్నాడు దుకాణదారు. లావుపాటి మనిషి, కళ్ళజోడు నుదుటి మీదకి ఎగదోసుకుని ఉన్నాడు.

"కాదండీ. తాళ్ళకి."

"తాళ్ళకా?"

"మొగుడి కోసం అనుకునేరు," అంది పక్కనున్న వదిన. "ఈవిడకి మొగుడు లేడు. ఉన్నది నాకు. నాకు కత్తి అక్కర్లేదు, నోరుంది."

దుకాణదారు పొట్ట కదిలేలా నవ్వాడు. "అయితే చిన్నవి ఎందుకులెండి, పెద్దవే తీస్తాను," అని అద్దం తలుపు జరిపాడు.

వదిన దర్జీ. ఈ రోజు పొద్దున కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, "నువ్వొక్కదానివే వెళితే ఏదీ కొనకుండా వస్తావు, నాకు తెలుసు," అని వెంట వచ్చింది. వదిన మాటకి ఆమెకి కోపం వచ్చింది. ఆ మాట నిజమై ఉండవచ్చు అనిపించడం వల్ల వచ్చిన కోపం అది. అలాంటి కోపం ఎక్కువసేపు నిలవదు, సిగ్గుగా మారుతుంది. వీధి మలుపు తిరిగేసరికి మారింది కూడా.

ఆమె పని చేసేది నాటకశాలలో, రంగస్థలానికి పైన. చూడ్డానికి వచ్చినవాళ్ళకి తెరలు లేవడం, దిగడం, ఆకాశం పోయి అడవి రావడం కనిపిస్తాయి. అవన్నీ పైన కప్పీల మీద తాళ్ళతో నడుస్తాయి. పని చేసేవాళ్ళు ఆ చోటుని అటక అంటారు. ఇనుప బద్దలు పరిచిన సన్నని దారులు, వాటికి అటూ ఇటూ తాళ్ళు, చుట్టచుట్టిన తెరలు. ఆమె అందులో ఎంత తేలిగ్గా తిరుగుతుందంటే వచ్చిన ఏడాదే అందరూ పిచ్చుక అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఇంటికీ పాకింది. వదిన కూడా అలాగే పిలుస్తుంది.

అటకకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పైకెక్కే ప్రతి మనిషీ నిచ్చెన కింద ఆగి, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో తన కత్తి తెరిచి, అదే చేత్తో మూసి పెద్దమేస్త్రికి చూపించాలి. అప్పుడే కాలు ఎత్తాలి. పైన ఎప్పుడూ ఒక చెయ్యి కమ్మీ మీదే ఉంటుంది, కాబట్టి కత్తి పని అంతా రెండోదే చూసుకోవాలి. పని అయిన కత్తి తెరిచి ఉండగా ఎవరూ అడుగు కదపకూడదు. బిగుసుకున్న తాడుకి పదును రాసుకుంటే చాలు, దాని చివర ఉన్న ఆకాశమో అడవో కింద నిలబడ్డ నటుడి నెత్తిన పడుతుంది. మరో మనిషికి తెరిచిన కత్తి అందించడమైతే అక్కడ తిట్టు కంటే పెద్ద తప్పు.

నిన్న పెద్దమేస్త్రి ఇంటికి వచ్చాడు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. అటకలో పనిచేసి చేసి ఆయనకి ఎక్కడికి వెళ్ళినా పైకప్పు వైపు చూసే అలవాటు. పైకే చూస్తూ మాట్లాడాడు.

"రేపు ఎలాగూ సెలవు. కత్తి కొనుక్కో. ఎల్లుండి నిచ్చెన కింద చూపించు. చూపిస్తే పైకి రా."

"లేకపోతే?"

"లేకపోతే బట్టల గది ఉంది కదే పిచ్చుకా. గుండీలు కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం. అక్కడ ఫ్యాను కూడా ఉంది. పైన మాకు ఉడుకు తప్ప ఏముంది?" అని, పైకప్పు మీంచి చూపు దించకుండానే, "నీ కొక్కేనికి ఎవరినీ చొక్కా తగిలించనివ్వలేదులే," అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆమె చాలాసేపు ఆ చివరి మాట గురించే ఆలోచించింది. జాలి పడ్డవాళ్ళు ఆ మాట అనరు. ఎదురుచూస్తున్నవాళ్ళు అంటారు. జాలి పడితే తట్టుకోవచ్చు, వాళ్ళ మీద కోపం తెచ్చుకుంటే సరిపోతుంది. ఎదురుచూసేవాళ్ళని ఏం చేస్తాం?

"ఇది చూడండి," అన్నాడు దుకాణదారు. నల్లటి పిడి ఉన్న కత్తి తీసి ఆమె ముందు పెట్టాడు. "దీని లాకు చూశారా? ఏనుగు తొక్కినా మడత పడదు."

"ఏనుగు తొక్కిందా?" అంది వదిన.

"మాట వరసకి అన్నానండీ."

"నేనూ మాట వరసకే అడిగాను."

ఆమె కత్తి చేతిలోకి తీసుకుంది. అలుగు పక్కన చిన్న గుబ్బ ఉంది. బొటనవేలితో దాన్ని తోస్తే అలుగు గుండ్రంగా తిరిగి, చివర టక్కుమని లాకు పడింది. బొటనవేలు చక్కగా చేసింది ఆ పని. వైద్యుడు ఇచ్చిన మెత్తటి బంతిని నలిపీ నలిపీ మిగతా వేళ్ళు కూడా పిడిని బాగానే పట్టుకున్నాయి. ఆమెకి సంతోషం కలిగింది. కొంచెం గర్వం కూడా. పిడి మీద గరుకు తక్కువగా ఉంది. చెమట పడితే జారుతుందేమో. ఆమె కత్తి బల్ల మీద పెట్టింది. "ఇంకోటి చూపించండి."

ఇంకోటి వచ్చింది. అది తెరిచింది. క్లిప్పు తప్పు వైపు ఉంది, జేబులోంచి తీసేటప్పుడు చెయ్యి తిప్పుకోవాలి. బల్ల మీద పెట్టింది. తర్వాతదానికి మొన మరీ సన్నం. ఆ తర్వాతదానికి తోక దగ్గర రంధ్రం లేదు, నడుముకి తాడు కట్టుకోవడానికి ఉండాలి, లేకపోతే చేజారిన కత్తి తిన్నగా కిందికే వెళ్తుంది. అన్నీ సరైన కారణాలే. ఒక్కటి కూడా వంక కాదు. మనసు తనకి ఇష్టం లేని పనిని తప్పించుకోవాలంటే అబద్ధాలు చెప్పదు, ఎన్నడూ లేనంత శ్రద్ధగా నిజాలు ఏరుకుని తెస్తుంది. ఈ ఆలోచన వచ్చింది గానీ ఆమె దాన్ని అక్కడే వదిలేసింది, అది ఇంకెవరి గురించో అయినట్టు.

వేళ్ళు తెగిన రోజు కూడా అంతా మామూలుగానే జరిగింది. ప్రమాదం అంటే పెద్ద చప్పుడుతో వస్తుందని అనుకుంటాం. చుట్టిన తెరకి కట్టిన కట్టు ఒకటి బిగిసిపోయి విడిరాలేదు. అప్పటి చాకుకి లాకు లేదు, స్ప్రింగు బలం మీద నిలబడే అలుగు. పైన లాకు లేని చాకులు వాడేది ఆమె ఒక్కతే కాదు. తాడు కొయ్యడానికి అది చాలు. ఆ రోజు మాత్రం కొయ్యడం ఎందుకు, మంచి తాడు పాడవుతుందని, ముడిలో మొన దూర్చి ఎగదోసింది. అలుగు వెనక్కి తిరిగింది. నొప్పి లేదు. వేళ్ళ మధ్య చల్లగా ఏదో దూరినట్టు అనిపించింది, అంతే. అప్పుడు కింద రాజుగారు మంచం మీద చచ్చిపోయే సన్నివేశం సాధన చేస్తున్నారు. తెల్ల దుప్పటి మీద ఎర్రటి చుక్కలు పడితే దర్శకుడు, "బావుందే, ఎవరిదీ ఆలోచన?" అని అడిగాడట. ఈ సంగతి ఆసుపత్రిలో విని ఆమె కట్టు కట్టిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వగలిగాను కాబట్టి భయం లేదనుకుంది. భయానికి నవ్వుతో ఏ పేచీ లేదని అప్పటికి తెలియదు. రెండూ ఒక ఇంట్లో అద్దెకుండే రెండు కుటుంబాల్లా, ఒకరి గడప ఒకరు తొక్కకుండా ఉండగలవు.

"మేడమ్," అన్నాడు దుకాణదారు.

ఆమె తలెత్తింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదకి దిగి ఉంది.

"ఏమీ అనుకోకండి. తెరిచినవన్నీ అలాగే ఇస్తున్నారు. ఈ బల్ల మీద నేను చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆమె బల్ల వైపు చూసింది. కత్తులన్నీ తెరిచే ఉన్నాయి. ఒకటి అటు, ఒకటి ఇటు, దుకాణదారు చెయ్యి పక్కన, వదిన సంచీ పక్కన, టీ గ్లాసు పక్కన. బల్ల మీద ఖాళీ లేదు. ఒక్కదాన్ని కూడా ఆమె మూయలేదు. అడిగి ఉంటే ఒట్టు పెట్టి మూశాననే చెప్పేది.

"అమ్మో, చేపల దుకాణంలా తయారుచేశావే," అని వదిన సంచీ వెనక్కి లాక్కుంది.

వదినకి అటక కట్టుబాట్లు తెలియవు. దుకాణదారుకి అంతకన్నా తెలియవు. ఆ బల్ల మీద ఉన్నది ఎంత పెద్ద తప్పో తెలిసిన మనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే. ఇన్నేళ్ళలో నిద్రలో లేపి అడిగినా తెరిచిన కత్తి ఎవరికీ అందించని చెయ్యి ఇది. ఆ చెయ్యే ఇప్పుడు ఆమెని అడగకుండా, ఆమెకి చెప్పకుండా, ఒకదాని తర్వాత ఒకటి ఎదుటివాడి వైపు తోసింది. నువ్వు మూసుకో, నా వల్ల కాదు అని. నోరు చెప్పని మాట చెయ్యి చెప్పింది.

ఆమెకి చెవులు వేడెక్కాయి. ఇంట్లో సంగతి కూడా గుర్తొచ్చింది. అటకలో తోటివాడు ఒకడు సాధన కోసం తన పాత కత్తి ఇచ్చి వెళ్ళాడు. దాన్ని ఆమె రోజూ తెరిచేది. బొటనవేలు పొక్కేదాకా తెరిచేది. మూయడానికి మాత్రం అలుగు వీపుని బల్ల అంచుకి ఆనించి నొక్కేది, లేదా రెండో చెయ్యి సాయం తెచ్చుకునేది. అది సాధనలో భాగం కాదని అనుకునేది. రేపు నిచ్చెన కింద బల్ల ఉండదు. రెండో చెయ్యి నిచ్చెన మీద ఉంటుంది.

"వదినా," అంది. "నాకు మూయడం రాదు."

"ఏంటి?"

"తెరుస్తాను. మూయలేను. బొటనవేలు లాకు మీద పెడితే నొక్కదు. ఇంతసేపూ మడత పడని కత్తి కోసం వెతుకుతున్నానే. మడత కత్తుల్లో మడత పడని కత్తి."

వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"బట్టల గది అంత నరకమా?" అంది. మామూలు గొంతుతో అడిగింది, దెప్పడానికి కాదు. "నేను బతుకంతా చేసేది ఆ పనేగా. గుండీ ఊడితే కుట్టడం. చచ్చిపోయానా?"

"నరకం కాదు. బావుంటుంది."

"మరి?"

ఎలా చెప్పాలి? కింద ఉన్నప్పుడు మనుషుల ముఖాలు చూడాలి. ముఖం చూస్తే దానికి తగ్గట్టు మన ముఖం సర్దుకోవాలి. ఆ సర్దుబాటుతోనే సాయంత్రానికి అలసిపోయే రకం మనిషి తను. పైనుంచి చూస్తే పాపిళ్ళు కనిపిస్తాయి. కిరీటం లోపల రాజుగారి బట్టతల కనిపిస్తుంది. చచ్చిపడి ఉన్న మంత్రి, చూసేవాళ్ళకి అటువైపు ఉన్న కాలితో రెండో కాలు గోక్కోవడం కనిపిస్తుంది. అలా చూస్తుంటే మనుషుల మీద ఎంత ప్రేమ పుడుతుందో. ఎదురుగా నిలబడితే ఎన్నడూ పుట్టనంత. నలుగురినీ ప్రేమించాలంటే తనకి కొంచెం ఎత్తు కావాలి. అది గర్వం కాదు, చత్వారం లాంటిది. కొందరికి పుస్తకం దూరంగా పెడితేనే అక్షరాలు కనిపిస్తాయి.

ఇందులో ఏదీ ఆమె చెప్పలేదు. "పైన బావుంటుంది వదినా," అంది.

వదిన ఆమె ముఖంలోకి చూసి, అర్థమైందో లేదో గానీ, తల ఊపింది. తర్వాత దుకాణదారు వైపు తిరిగి, "ఏమండీ, విన్నారుగా. మూయడానికి తేలికైనది తీయండి. ఏనుగుల సంగతి తర్వాత చూద్దాం," అంది.

దుకాణదారు తెరిచిన కత్తులన్నీ ఒక్కొక్కటే మూశాడు. ప్రతి టక్కుకీ ఆమె వేళ్ళు కొద్దిగా ముడుచుకున్నాయి. "అసలు మడత కత్తి ఎందుకండీ?" అన్నాడు. "తోలు ఒరలో పెట్టుకునేవి ఉన్నాయి. తెరిచేదీ లేదు, మూసేదీ లేదు."

"పైకి ఒర కత్తులు తీసుకెళ్ళనివ్వరు. వంగినప్పుడు ఒరలోంచి జారితే మొన కిందికి పెట్టుకునే దిగుతుంది. కింద మనుషులుంటారు."

"అయితే ఇదిగో." ఆయన ఇంకోటి తీశాడు. పిడికి రెండు పక్కలా చిన్న బొత్తాలు ఉన్నాయి. వాటిని వెనక్కి లాగి చెయ్యి కొంచెం ఆడించాడు. అలుగు తన బరువుకి తనే ఊగి లోపలికి వెళ్ళిపోయింది. "చూశారా? వేలు అడ్డం పెట్టక్కర్లేదు. దానంతట అదే మూసుకుంటుంది."

తెలివైన ఏర్పాటే. వేళ్ళకి అపాయం లేనిది కూడా. కానీ దానంతట అదే అన్న మాట దగ్గర ఆమె బల్ల మీంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రోజు కూడా అలుగు దానంతట అదే వచ్చింది. తన ప్రమేయం లేకుండా కదిలే అలుగు మంచిదైనా సరే, తనకి వద్దు. ఈసారి ఇది వంక అవునా కాదా అని తనని తాను తరచి చూసుకుంది. కాదు. వంక అయితే ఇంత చిన్నగా, ఇంత స్పష్టంగా ఉండదు.

"నెమ్మదిగా మూసుకునేది కావాలి," అంది. "నేను మూస్తే మూసుకునేది."

దుకాణదారు నిట్టూర్చి కింది అరలో వెతికాడు. అడుగునుంచి ఒక అట్టపెట్టె తీశాడు. అందులోది మిగతావాటికన్నా పెద్దది. ముదురు ఆకుపచ్చ పిడి, వెడల్పాటి అలుగు. లాకు పిడికి వీపు మీద ఉంది, బొటనవేలితో నొక్కేది. "ఇది ఎవరూ కొనరు. మరీ మొరటుదని," అన్నాడు.

"మా పిచ్చుకకి సరిజోడు," అంది వదిన.

ఆమె దాన్ని తెరిచింది. బరువుగా, నిదానంగా తెరుచుకుంది. తెరిచాక చేతిలో నిండుగా ఉంది. పిడి గరుగ్గా ఉంది. మొన మొద్దుగా, బలంగా ఉంది. తోక దగ్గర రంధ్రం ఉంది. వంకలు వెతికింది, దొరకలేదు. దొరకకపోయేసరికి ఇక మిగిలింది మూయడమే.

వదిన కత్తెర మనిషి కదా, ముందుగా పదును వైపే చూసింది. అలుగు మొదట్లో, పిడికి ఆనుకుని ఉన్న చోట వేలు పెట్టి రాసింది. "ఇదేంటి, ఇక్కడ పదునే లేదు? చెక్కేవాడు మధ్యలో భోజనానికి లేచి వెళ్ళాడా?"

"అది డిజైనండీ," అన్నాడు దుకాణదారు.

"ఏం డిజైను?"

"డిజైనంటే... డిజైనే."

ఆమె ఆ చోటు చూసింది. అలుగు మొదట్లో ఒక వేలు వెడల్పున ఇనుము మందంగా, అర్ధచంద్రంలా తీసి ఉంది. పదును ఆ తర్వాత మొదలవుతోంది. ఇంత పెద్ద కత్తి కాబట్టి అంత చోటు వదలగలిగారు, చిన్నదాంట్లో కుదరదు. తెరిచి పట్టుకున్నప్పుడు చూపుడు వేలు ముందుకి పెట్టుకోవడానికి అనుకుంది మొదట. తర్వాత కత్తిని పక్కకి తిప్పి, అలుగు మడత పడితే ఎలా వస్తుందో గాలిలో గీత గీసినట్టు ఊహించుకుంది. ఇలా వస్తుంది. ఇలా దిగుతుంది. పిడి మీద చూపుడు వేలు ఇక్కడ ఉంటుంది. దానికి ముందుగా తగిలేది ఈ మొద్దు భాగమే. పదును ఇంకా దూరంగా, అటు గాలిలో ఉంటుంది. వేలి మీద అలుగు ఆగుతుంది. ఆగాక వేలు తప్పించి, బొటనవేలితో మిగతాది మూసుకోవచ్చు.

అంటే అలుగు తన వేలిని తాకాల్సిందే. తాకకుండా మూయడానికి దారి లేదు. ఆ మచ్చ మీదే, అదే చోట తాకుతుంది. తాకి ఆగుతుంది.

ఆమె అలుగు వచ్చే దారిని కళ్ళతో మళ్ళీ ఒకసారి నడిచింది. లెక్క సరిగ్గానే ఉంది. బుద్ధికి నచ్చింది. చేతికి ఇంకా నచ్చలేదు. బుద్ధి మేడ మీద ఉంటుంది, చెయ్యి కింది వాటాలో ఉంటుంది. పైనుంచి ఎంత గట్టిగా పిలిచినా కిందివాళ్ళకి ఒక్కోసారి వినపడదు, వినపడినా తలుపు తియ్యరు. దిగి వెళ్ళి తట్టాలి.

"ప్యాక్ చెయ్యమంటారా?" అన్నాడు దుకాణదారు.

"ఉండండి," అంది వదిన. "తొందరెందుకు? మీ టీ తాగండి."

ఆమె ఎడమచెయ్యి ఎత్తి, పక్కన గోడకి ఆనించిన అలమర కమ్మీ పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో వదినకి అర్థం కాలేదు. కుడిచేతిలో కత్తి. నాలుగు వేళ్ళు పిడి కింద, బొటనవేలు వీపు మీద ఉన్న లాకు పైన. అక్కడ పెట్టింది. నొక్కలేదు.

నొక్కు అనుకుంది. బొటనవేలు కదల్లేదు. దాని మీద కోపం తెచ్చుకోబోయి, మానేసింది. అది చెడ్డది కాదు. అది కాపలా కాస్తోంది. ఒకసారి ఇంట్లో దొంగలు పడ్డాక కుక్క ఇంటివాళ్ళని చూసి కూడా మొరిగినట్టు, పాపం దానికి తెలిసింది అది చేస్తోంది. ఇన్ని నెలలూ తను దాన్ని తిట్టింది, బంతితో పని చెప్పింది, బల్ల అంచుతో మోసం చేసింది. ఒక్కసారి కూడా దానికి ఏం జరగబోతోందో చెప్పలేదు.

చెప్పింది. లోపలే, పెదాలు కదపకుండా, పిల్లలకి చెప్పినట్టు. ముందు లాకు విడుస్తుంది. అలుగు కొంచెం వస్తుంది. చూపుడు వేలికి చల్లగా తగులుతుంది. తగిలేది పదును కాదు. భయం వేస్తుంది. వేసినా ఫర్వాలేదు.

"చూడలేను బాబూ," అని వదిన కళ్ళు మూసుకుంది. ఒక కన్ను మళ్ళీ సగం తెరిచింది.

"మీరు కళ్ళు మూసుకుంటే నాకు భయం వేస్తోంది," అన్నాడు దుకాణదారు టీ గ్లాసు పక్కకి జరుపుతూ.

ఆమెకి నవ్వు వచ్చింది. నవ్వుతూ ఉండగానే బొటనవేలు కిందికి దిగింది. లాకు విడిచిన చప్పుడు చాలా చిన్నది. అలుగు కదిలింది, వచ్చింది, చూపుడు వేలి మీద, సరిగ్గా మచ్చ ఉన్నచోట, చల్లగా, మొద్దుగా, బరువుగా ఆనింది. ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అలుగు అక్కడే ఆగి ఉంది. ఆమె కూడా ఆగి ఉంది. ఇనుము మెల్లగా వేలి వెచ్చదనం తెచ్చుకోవడం తెలుస్తోంది.

తర్వాత వేలు తప్పించి, బొటనవేలితో అలుగుని లోపలికి నెట్టి కత్తి మూసింది.